మీ బోర్డులోకి ఇన్వెస్టర్ వస్తున్నారా? వ్యవస్థాపకులు వరుసగా చేసుకోవలసిన పనులు

మీ స్టార్టప్‌లోకి మొదటిసారి వెంచర్ క్యాపిటల్ ఫండ్ డబ్బు వస్తున్నప్పుడు ఇంటిల్లిపాదీ, ఆఫీసంతా రెండు అంకెల గురించే మాట్లాడుకుంటారు: ఎంత పెడుతున్నారు, ఎంత వాటా తీసుకుంటున్నారు. ఆ డబ్బుతో పాటు ఒక మనిషి కూడా వచ్చి మీ బోర్డులో కొన్నేళ్లపాటు కూర్చుంటారన్న సంగతి టర్మ్ షీట్‌లో, అంటే పెట్టుబడి షరతులను క్లుప్తంగా రాసుకున్న కాగితంలో, ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. కంపెనీని అమ్మాలా, మూసేయాలా, సీఈఓను మార్చాలా, ఇంకో విడత డబ్బు పోయాలా అన్న ప్రశ్నలు ముందుముందు ఎలా తేలతాయో చాలావరకు ఆ వాక్యాల మీదే ఆధారపడి ఉంటుంది. బోర్డు గదిలో ఓటింగ్ జరగడం నిజానికి అరుదు. ఓటు దాకా వచ్చేసరికి ఫలితం ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. అది తేలేది కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజున, ఆ తర్వాత మీరు సమాచారం ఇచ్చిన రోజుల్లో, ఇవ్వని రోజుల్లో. అందుకే ఈ పనులను సంతకానికి ముందు నుంచే మొదలుపెట్టమంటున్నాను.

ఇక్కడ చెప్పే చట్టమంతా భారత కంపెనీల చట్టం, 2013 కింద నమోదైన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకు సంబంధించినది. కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా, విశాఖపట్నంలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా ఇదే వర్తిస్తుంది. సింగపూర్‌లోనో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలోనో మాతృసంస్థ పెట్టుకున్నవారు అక్కడి చట్టం గురించి విడిగా లాయర్‌ను అడగాలి.

మొదటి పని: వచ్చే మనిషి ఎవరికి జవాబు చెప్పుకోవాలో తెలుసుకోండి

ఫండ్ తరఫున వచ్చే నామినీ డైరెక్టర్‌కు ఇద్దరు యజమానులు ఉంటారు. చట్టం దృష్టిలో ఆయన మీ కంపెనీ డైరెక్టర్. సెక్షన్ 166 ప్రకారం కంపెనీ మేలు కోసం, వాటాదారులందరి మేలు కోసం, ఉద్యోగుల మేలు కోసం సద్భావంతో పనిచేయాలి. కానీ ఆయనకు జీతం ఇచ్చేది ఫండ్. ఆ ఫండ్‌కు డబ్బు ఇచ్చినవారు వేరే ఉన్నారు, వారికి ఫలానా గడువులోగా డబ్బు తిరిగి ఇస్తామన్న మాట ఉంది. ఈ రెండు బాధ్యతలూ ఒకే దారిలో నడిచినంత కాలం మీకు ఆయనకంటే మంచి స్నేహితుడు దొరకడు. దారులు విడిపోయిన రోజున ఆయన ఎటు మొగ్గుతారో ఊహించాలంటే ఫండ్ సంగతి మీకు ముందే తెలిసి ఉండాలి.

కాబట్టి టర్మ్ షీట్ చేతికి వచ్చిన వారంలోనే కొన్ని ప్రశ్నలు అడగండి. మా కంపెనీలో డబ్బు పెడుతున్నది మీ ఎన్నో ఫండ్, అది ఏ సంవత్సరంలో మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది? తర్వాతి విడతల కోసం మా పేరున ఎంత పక్కన పెట్టారు? మా బోర్డులో కూర్చునేది మీరేనా, లేక ఆరు నెలల తర్వాత మీ జూనియర్‌ను పంపిస్తారా? భారతీయ ఫండ్‌లు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2012లో తెచ్చిన ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల నిబంధనల కింద నడుస్తాయి. మొదటి, రెండో కేటగిరీ ఫండ్‌లకు గడువు ముందే నిర్ణయమై ఉంటుంది. విలువ ప్రకారం మూడింట రెండొంతుల మంది మదుపరులు ఒప్పుకుంటేనే దాన్ని రెండేళ్ల వరకు పొడిగించవచ్చు. పదేళ్ల ఫండ్ తన ఏడో ఏట మీ కంపెనీలోకి వచ్చిందంటే, మీరు ఇంకా ఉత్పత్తిని సరిచేసుకుంటున్న దశలోనే ఆ డైరెక్టర్ బయటపడే దారి గురించి మాట్లాడడం మొదలుపెడతారు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. ఆయన గడియారం వేరు, మీ గడియారం వేరు.

తెలుగువాడైన ఫణీంద్ర సామ తన మిత్రులతో కలిసి 2006లో బెంగళూరులో రెడ్‌బస్ మొదలుపెట్టారు. 2007లో సీడ్‌ఫండ్ డబ్బు పెట్టింది, తర్వాత ఇన్వెంటస్, హీలియన్ ఫండ్‌లు వచ్చాయి, 2013 జూన్‌లో ఐబిబో గ్రూప్ ఆ కంపెనీని కొనేసింది. మొదటి పెట్టుబడికి, అమ్మకానికి మధ్య ఆరేళ్లు. వ్యాపారం బాగా నడుస్తున్న కంపెనీ విషయంలో కూడా ఇది వెంచర్ ఫండ్ ఆయుష్షులోకి ఒదిగే కాలమే. మీ మనసులో ఇరవయ్యేళ్ల ప్రణాళిక ఉంటే ఆ మాట ఫండ్‌తో ముందే చెప్పండి.

ఇంకో విషయం. ఆ డైరెక్టర్ గురించి వాకబు చేసేటప్పుడు ఫండ్ ఇచ్చిన పేర్లకే ఫోన్ చేసి సరిపెట్టుకోకండి. వారంతా గెలిచినవారే అయి ఉంటారు. అదే వ్యక్తి బోర్డులో ఉండగా మూతపడిన కంపెనీ ఏదైనా ఉందేమో వెతికి, దాని వ్యవస్థాపకులతో మాట్లాడండి. డబ్బు అయిపోతున్న ఆఖరి మూడు నెలల్లో ఆయన ఫోన్ ఎత్తారా, జీతాల బకాయిల గురించి ఏమన్నారు, కొనుగోలుదారుని వెతకడంలో సాయపడ్డారా అని అడగండి. నా దృష్టిలో మొత్తం పరిశీలనలో ఇంతకంటే విలువైన అరగంట లేదు.

రెండో పని: కుర్చీల లెక్క రాసుకోండి

ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. మొదటి రౌండులో, అంటే మొదటి విడత పెట్టుబడి వచ్చినప్పుడు, సాధారణంగా ఇద్దరు వ్యవస్థాపకులు, ఒక ఇన్వెస్టర్ ఉంటారు. రెండో రౌండు వచ్చేసరికి ఇద్దరికి ఇద్దరు, మధ్యలో ఒక స్వతంత్ర సభ్యుడు. మూడో రౌండు తర్వాత ప్రతి కొత్త ఫండ్ ఒక కుర్చీ అడుగుతుంది, పాత ఫండ్ తన కుర్చీ వదలదు. ఒక్కో రౌండులో ఒక్కో కుర్చీయే పోతోంది కదా అని ఊరుకుంటే, మెజారిటీ చేజారిన రోజు ఏదో మీకు గుర్తు కూడా ఉండదు. అందుకే ఇప్పుడే ఒక కాగితం మీద రాబోయే మూడు రౌండ్లకు కుర్చీల పట్టిక వేసుకోండి. ఎంత శాతం వాటా కంటే కిందికి పడిపోతే ఇన్వెస్టర్ కుర్చీ రద్దవుతుందో, ఓటు లేకుండా కూర్చునే పరిశీలకుడి హోదాకు మారుతుందో టర్మ్ షీట్‌లోనే రాయించండి. ఈ నిబంధన తర్వాత అడిగితే దొరకదు, మొదటి రౌండులో అడిగితే చాలాసార్లు దొరుకుతుంది.

ఇక్కడ మూడు చిన్న విషయాలను వదిలేయకండి. స్వతంత్ర సభ్యుడిని ఎవరు ప్రతిపాదిస్తారు, ఎవరు ఆమోదిస్తారు అన్నది ఒకటి. సమాన ఓట్లు పడే బోర్డులో కంపెనీ తలరాత ఆయన చేతిలోనే ఉంటుంది. చైర్మన్‌కు నిర్ణాయక ఓటు ఉందా లేదా అన్నది రెండోది. మూడోది కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు. సెక్షన్ 174 ప్రకారం మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అంతమంది హాజరైతే సమావేశం చెల్లుతుంది. కానీ ఇన్వెస్టర్ డైరెక్టర్ లేనిదే కోరం లేదని ఆర్టికల్స్‌లో (కంపెనీ అంతర్గత నియమావళిలో) రాసుకోవడం మామూలే. అలా రాస్తే ఆయన రాకపోవడమే ఒక రకమైన వీటో అవుతుంది. దానికి ఒప్పుకోక తప్పకపోతే, వాయిదా పడిన సమావేశానికి కూడా ఆయన రాకపోతే వచ్చినవారితోనే కోరం సరిపోతుందన్న వాక్యాన్ని చేర్పించండి.

కుర్చీల మీద అధికారం ఎంత పెద్ద గొడవకు దారితీస్తుందో ఊబర్ చరిత్రలో ఉంది. 2016లో ఆ కంపెనీ బోర్డును ఎనిమిది నుంచి పదకొండుకు పెంచి, ఆ మూడు కొత్త కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టాలో నిర్ణయించే హక్కును సహవ్యవస్థాపకుడు, సీఈఓ అయిన ట్రావిస్ కలానిక్‌కు ఇచ్చారు. 2017 జూన్‌లో బెంచ్‌మార్క్ అనే వెంచర్ ఫండ్‌తో సహా అయిదుగురు పెద్ద ఇన్వెస్టర్లు ఒత్తిడి తెచ్చాక ఆయన సీఈఓ పదవికి రాజీనామా చేశారు. ఆగస్టులో బెంచ్‌మార్క్ ఆ మూడు కుర్చీల మీదే కోర్టుకు వెళ్లింది. చేతిలో కుర్చీలున్నా పదవి నిలవలేదన్నది గమనించండి. తర్వాతి రౌండు డబ్బు ఇవ్వగలవారు ఒక్కటైనప్పుడు బోర్డు లెక్కలు వెనక్కి పోతాయి.

మూడో పని: ముందస్తు అనుమతుల జాబితాను పెన్సిల్ పట్టుకుని చదవండి

షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్ (వాటాదారుల ఒప్పందం) చివర్లో అనుబంధంగా ఒక జాబితా ఉంటుంది. దాన్ని రిజర్వ్‌డ్ మ్యాటర్స్ అంటారు, అఫర్మేటివ్ ఓటింగ్ మ్యాటర్స్ అని కూడా అంటారు. అందులో ఉన్న ఏ పనికైనా ఇన్వెస్టర్ రాతపూర్వక అంగీకారం కావాలి. బోర్డులో మీకు మెజారిటీ ఉన్నా సరే, జాబితాలో ఉన్న విషయంలో ఆ మెజారిటీకి విలువ లేదు. వ్యవస్థాపకులు విలువ గురించి మూడు వారాలు బేరమాడి, ఈ జాబితాను మాత్రం సంతకం పెట్టే రోజు రాత్రి చదువుతారు. అసలు అధికారమంతా ఇక్కడే ఉంది.

పెన్సిల్ తీసుకుని ఒక్కో అంశం పక్కన ఒక గుర్తు పెట్టండి. ఆర్టికల్స్ సవరణ, కొత్త షేర్ల జారీ, విలీనం, కంపెనీ అమ్మకం, మూసివేత, వ్యవస్థాపకుల బంధువులతో లావాదేవీలు, ఆడిటర్ మార్పు: ఇవి అడగడం న్యాయమే, ఒప్పుకోండి. ఆ తర్వాత వచ్చేవాటిని నెమ్మదిగా చదవండి. "వార్షిక జీతం ఇరవై లక్షలు మించిన ఏ నియామకమైనా" అని ఉందనుకోండి. ఈ రోజు మీ దగ్గర అంత జీతం ఎవరికీ లేకపోవచ్చు. ఏడాది తర్వాత ప్రతి సీనియర్ ఇంజినీర్ నియామకానికీ మీరు ముంబైలోని ఫండ్ ఆఫీసుకు ఈమెయిల్ పంపి, జవాబు కోసం కాచుకుని ఉండాలి, ఆ లోపు అభ్యర్థి వేరే కంపెనీలో చేరిపోతాడు. "బడ్జెట్‌లో లేని ఏ ఖర్చయినా", "ఏ మొత్తానికైనా అప్పు", "వ్యాపార స్వభావంలో ఏ మార్పయినా" అన్న మాటలూ అలాంటివే. వాటిని కొట్టేయమని అడిగితే రాదు. వాటికి అంకెలు తగిలించండి: బడ్జెట్‌ను పదిహేను శాతం మించితే, అప్పు ఫలానా మొత్తం దాటితే, నియామకం సీఈఓకు నేరుగా రిపోర్ట్ చేసే పదవులకైతే. అంగీకారం అడిగిన తర్వాత పది పనిదినాల్లో జవాబు రాకపోతే అంగీకరించినట్టే భావించాలన్న వాక్యం కూడా అడగండి.

రెండో రౌండు తర్వాత ఈ వీటో ఎవరి చేతిలో ఉంటుందన్నది ఇంకా ముఖ్యం. ప్రతి ఫండ్‌కూ విడివిడిగా వీటో ఇస్తే రెండు శాతం వాటా ఉన్నవారు కూడా కంపెనీని నిలబెట్టేయగలరు. ఇన్వెస్టర్లందరూ కలిసి, తమలో మెజారిటీతో ఒకే వీటోను వాడుకునేలా రాయించండి.

ఒప్పందంలో ఉన్నదే కంపెనీ ఆర్టికల్స్‌లోకి కూడా వెళుతుంది. దీనికి కారణం ఉంది. వాటాల బదిలీపై వాటాదారులు తమలో తాము పెట్టుకున్న ఆంక్షలు ఆర్టికల్స్‌లో లేకపోతే అవి కంపెనీకి వర్తించవని సుప్రీంకోర్టు 1992లో వి.బి. రంగరాజ్ కేసులో తేల్చింది. అందుకే ఇన్వెస్టర్ల లాయర్లు మొత్తం ఒప్పందాన్ని ఆర్టికల్స్‌లో దింపుతారు. మీకు రావలసిన హక్కులు, అంటే మీ కుర్చీలు, మీ కోరం, వాటా తగ్గితే ఇన్వెస్టర్ హక్కులు పోవడం వంటివి, వాళ్లతో పాటు ఆర్టికల్స్‌లోకి ఎక్కాయో లేదో మీ కంపెనీ సెక్రటరీ చేత పంక్తి పంక్తీ సరిచూయించండి. ఆర్టికల్స్ మార్చాలంటే సెక్షన్ 14 కింద ప్రత్యేక తీర్మానం, అంటే పడిన ఓట్లలో 75 శాతం కావాలి కాబట్టి తర్వాత సరిదిద్దుకోవడం తేలిక కాదు.

నాలుగో పని: ఏ ధరకు అమ్మితే ఎవరికి ఎంత వస్తుందో లెక్క కట్టండి

బోర్డులో ఇన్వెస్టర్ ఎందుకు అలా మాట్లాడుతున్నారో అర్థం కానప్పుడు ఈ లెక్క తీసి చూడండి. సమాధానం చాలాసార్లు దీంట్లోనే దొరుకుతుంది.

ఒక ఫండ్ మీ కంపెనీలో 40 కోట్లు పెట్టి 25 శాతం తీసుకుందనుకుందాం. వారి దగ్గర ఉన్నవి తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు, వాటికి ఒక రెట్టు లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఉంది. అంటే కంపెనీ అమ్ముడుపోతే ముందు తమ 40 కోట్లు తీసుకోవచ్చు, లేదా ఆ హక్కు వదులుకుని 25 శాతం వాటా తీసుకోవచ్చు. ఏది ఎక్కువైతే అది. కంపెనీ 60 కోట్లకు అమ్ముడైతే ఫండ్‌కు 40 కోట్లు, మీకూ ఉద్యోగులకూ కలిపి 20 కోట్లు. 120 కోట్లకు అమ్ముడైతే ఫండ్‌కు అప్పుడూ 40 కోట్లే, మీ వైపు 80 కోట్లు. 160 కోట్లు దాటాకే 25 శాతం వాటా 40 కోట్లకు మించుతుంది. అంటే 40 నుంచి 160 కోట్ల మధ్య ధర ఎంతైనా ఆ డైరెక్టర్‌ను పంపినవారికి తేడా పడదు. 60 కోట్ల ఆఫర్‌ను 120 చేయడానికి మీరు మరో రెండేళ్లు కష్టపడతానంటే ఆయనకు ఆ రెండేళ్ల రిస్కు కనిపిస్తుంది, లాభం కనిపించదు. మీరు దాన్ని నిరుత్సాహం అనుకుంటారు, ఆయన దాన్ని విచక్షణ అనుకుంటారు. ఇద్దరి లెక్కా సరైనదే.

పార్టిసిపేటింగ్ ప్రిఫరెన్స్ అన్న మాట ఉంటే పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. అప్పుడు 60 కోట్ల అమ్మకంలో ఫండ్ ముందు 40 తీసుకుని, మిగిలిన 20లో మళ్లీ 25 శాతం, అంటే 5 కోట్లు తీసుకుంటుంది. మీకు మిగిలేది 15. ఈ మాటను వీలైనంతవరకు ఒప్పుకోకండి.

ఇప్పుడు రెండో ఫండ్ 100 కోట్లు పెట్టి 20 శాతం తీసుకుందని, వారి డబ్బు అందరికంటే ముందు తిరిగి వెళ్లాలని రాసుకున్నారని అనుకోండి. కంపెనీకి 120 కోట్ల ఆఫర్ వచ్చింది. రెండో ఫండ్‌కు 100, మొదటి ఫండ్‌కు 20, మీకు సున్నా. బోర్డులో ఇద్దరు ఇన్వెస్టర్లు ఒకరితో ఒకరు వాదించుకోవడం మొదలవుతుంది: చివర వచ్చినవారు అమ్మేద్దామంటారు, మొదట వచ్చినవారు ఆగుదామంటారు. 2017లో స్నాప్‌డీల్‌ను ఫ్లిప్‌కార్ట్‌కు అమ్మే ప్రయత్నంలో ఇలాంటి చీలికనే దేశమంతా చూసింది. పెద్ద వాటాదారైన సాఫ్ట్‌బ్యాంక్ విలీనం కోసం పట్టుబట్టింది, ముందునుంచీ ఉన్న నెక్సస్, కలారి వంటి ఫండ్‌ల లెక్కలు వేరుగా ఉన్నాయి, నెలల తరబడి సాగిన చర్చలు ఆ ఏడాది జూలై 31న ఆగిపోయాయి. బోర్డులో "ఇన్వెస్టర్లు" అనే ఒకే పక్షం ఉంటుందని అనుకోకండి. ఎవరు ఏ ధరకు వచ్చారో తెలిస్తే ఎవరు ఏ ధర దగ్గర మీతో కలుస్తారో తెలుస్తుంది.

ఈ లెక్కను ఒక ఎక్సెల్ పట్టికలో వేసి, ప్రతి రౌండు తర్వాత మార్చుకోండి. కింద అమ్మకం ధరలు, పక్కన ఒక్కొక్కరికి వచ్చే మొత్తం. ఉద్యోగుల ఈసాప్‌లకు (ఉద్యోగులకు షేర్లు ఇచ్చే పథకానికి) ఒక వరుస తప్పకుండా ఉంచండి. అమ్మకం చర్చ వచ్చినప్పుడు మేనేజ్‌మెంట్‌కూ ఉద్యోగులకూ కొంత భాగాన్ని ముందుగా పక్కన పెట్టాలని అడగడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది, చాలా ఫండ్‌లు దీనికి ఒప్పుకుంటాయి కూడా. ఎవరికీ ఏమీ మిగలని అమ్మకాన్ని పూర్తి చేసే ఓపిక టీమ్‌కు ఉండదని వారికీ తెలుసు.

అయిదో పని: సమావేశాన్ని సమావేశానికి ముందే నడపండి

చట్టం ఏడాదికి నాలుగు బోర్డు సమావేశాలు అడుగుతుంది, రెండింటి మధ్య 120 రోజులకు మించకూడదు. గుర్తింపు పొందిన స్టార్టప్ హోదా ఉన్న ప్రైవేట్ కంపెనీకి అర్ధసంవత్సరానికి ఒకటి చాలు, రెండింటి మధ్య కనీసం 90 రోజులు ఉండాలి. కానీ ఆ మినహాయింపును వాడుకోవద్దని నా సలహా. ఆరు నెలలకు ఒకసారి కలిసే డైరెక్టర్‌కు మీ వ్యాపారం ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది, సంగతి తెలియని మనిషి జాగ్రత్త కొద్దీ "వద్దు" అంటారు.

ఏడు రోజుల ముందు నోటీసు, దానితో పాటే అజెండా, వివరాలు పంపండి. ఆ ఏడు రోజుల్లో ప్రతి డైరెక్టర్‌తోనూ విడిగా ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడండి. కష్టమైన విషయాన్ని బోర్డు గదిలో మొదటిసారి ఎవరూ వినకూడదు. పదిమంది ముందు విన్నప్పుడు మనిషి తన ఫండ్ తరఫున మాట్లాడతాడు, ఫోన్లో ఒంటరిగా విన్నప్పుడు తన ఆలోచన చెబుతాడు. సమావేశంలో గడిచిన నెలల అంకెల వివరణకు అరగంట మించనివ్వకండి. మిగిలిన సమయమంతా మీకు నిజంగా సాయం కావలసిన ఒకటి రెండు నిర్ణయాలకు పెట్టండి.

మినిట్స్‌ను, అంటే సమావేశంలో జరిగినదాన్ని రాసి ఉంచడాన్ని, చాలామంది పట్టించుకోరు. ముసాయిదాను పదిహేను రోజుల్లో డైరెక్టర్లకు పంపాలి, వ్యాఖ్యలకు వారికి ఏడు రోజులుంటాయి, ముప్పై రోజుల్లోపు పుస్తకంలో ఎక్కాలి. "విదేశీ విస్తరణపై చర్చించడమైనది" అని ఒక ముక్క రాసి ఊరుకోకండి. "విదేశీ విస్తరణకు నెలకు ఎంత ఖర్చవుతుందో, దానివల్ల చేతిలోని నగదు ఎన్ని నెలలకు తగ్గుతుందో సీఈఓ వివరించారు, ఫలానా డైరెక్టర్ అభ్యంతరం తెలిపారు, ఆరు నెలల తర్వాత సమీక్షించాలన్న షరతుపై బోర్డు ఆమోదించింది" అని రాయించండి. రెండేళ్ల తర్వాత ఆ విస్తరణ విఫలమైతే, నిర్ణయం మీ ఒక్కరిదేనని ఎవరూ అనలేరు. అభ్యంతరాన్ని రాయడం వల్ల ఆ డైరెక్టర్‌కూ మేలే. సెక్షన్ 149(12) ప్రకారం నాన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ మీదకు బాధ్యత వచ్చేది బోర్డు ప్రక్రియ ద్వారా తనకు తెలిసి, తన సమ్మతితోనో, తన అజాగ్రత్త వల్లనో జరిగిన తప్పులకే.

ఆరో పని: చెడ్డ వార్తను మీ నోటితో, ముందుగా చెప్పండి

సెక్షన్ 149(12) గురించిన పై వాక్యాన్నే ఇంకోవైపు నుంచి చదవండి. డైరెక్టర్‌కు సమాచారం అందకపోతే ఆయన జాగ్రత్తగా ఉండే అవకాశమే ఉండదు, కానీ పేరు మాత్రం రిజిస్టర్‌లో ఉంటుంది. అంటే మీరు సమాచారం ఆపిన ప్రతి నెలా ఆయన వ్యక్తిగత రిస్కు పెరుగుతుంది. ఒక దశ దాటాక ఆయన దగ్గర మిగిలే తేలికైన ఆయుధం రాజీనామా. ఇన్వెస్టర్ డైరెక్టర్ బోర్డు నుంచి వెళ్లిపోతే వ్యవస్థాపకుడికి స్వేచ్ఛ వస్తుందని ఎవరైనా అనుకుంటే, బైజూస్ సంగతి పూర్తిగా చదవమంటాను.

థింక్ అండ్ లెర్న్ అనే ఆ కంపెనీని 2022లో 2,200 కోట్ల డాలర్లుగా విలువ కట్టారు. 2022 మార్చితో ముగిసిన సంవత్సరపు ఆర్థిక నివేదికలు 2023 జూన్ నాటికి కూడా రాలేదు. ఆ నెల 22న ఆడిటర్ డెలాయిట్ ఆ జాప్యాన్నే కారణంగా చూపుతూ తప్పుకుంది. అదే సమయంలో పీక్ ఎక్స్‌వీ, ప్రోసస్, చాన్ జుకర్‌బర్గ్ ఇనిషియేటివ్ అనే ఇన్వెస్టర్ల ప్రతినిధులు ముగ్గురూ బోర్డుకు రాజీనామా చేశారు. తమ డైరెక్టర్ ఇచ్చిన సలహాలను యాజమాన్యం పదేపదే పెడచెవిన పెట్టిందని ప్రోసస్ మరుసటి నెలలో బహిరంగంగానే చెప్పింది. బోర్డులో మిగిలినవారు ముగ్గురు: బైజు రవీంద్రన్, ఆయన భార్య, ఆయన సోదరుడు. కుర్చీల లెక్క ప్రకారం చూస్తే ఇది వ్యవస్థాపకుడికి సంపూర్ణ విజయం.

తర్వాత జరిగింది వేరు. బోర్డులో మాట్లాడే చోటు లేకుండా పోయిన ఇన్వెస్టర్లు 2024 ఫిబ్రవరి 23న అసాధారణ సర్వసభ్య సమావేశం పెట్టి సీఈఓను తొలగించే తీర్మానానికి ఓటు వేశారు. వ్యవస్థాపకులు హాజరు కాలేదు, ఆ సమావేశమే చెల్లదన్నారు, కర్ణాటక హైకోర్టు ఆ తీర్మానాల అమలును అప్పటికే నిలిపివేసి ఉంచింది. మరోవైపు కంపెనీ 2021లో విదేశీ రుణదాతల నుంచి తెచ్చిన 120 కోట్ల డాలర్ల అప్పు మీద వివాదం నడుస్తోంది. చివరకు 2024 జూలై 16న, సుమారు 158 కోట్ల రూపాయల బకాయి మీద బీసీసీఐ వేసిన పిటిషన్‌ను కంపెనీల వివాదాలు చూసే ట్రిబ్యునల్ అయిన బెంగళూరు ఎన్‌సీఎల్‌టీ స్వీకరించి దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. బోర్డు గదిలో ముగియాల్సిన గొడవ కోర్టుకెక్కితే ఎవరి ఓటూ పనికిరాదు, కొత్త డబ్బు పెట్టేవారూ ఉండరు. వేలమంది ఉద్యోగుల జీతాలు ఆ మధ్యలో నలిగాయి.

మీ స్థాయిలో ఇది ఎలా ఆచరించాలంటే: ప్రతి నెలా పదో తేదీలోగా ఒక పేజీ నివేదిక పంపండి. బ్యాంకులో ఎంత ఉంది, నెలకు ఎంత ఖర్చవుతోంది, ఈ లెక్కన ఎన్ని నెలలు వస్తుంది, గత నెల అనుకున్నదేమిటి, జరిగిందేమిటి. అంకెలు బాగా లేని నెలలో అదే తేదీకి, అదే రూపంలో పంపండి. పెద్ద కస్టమర్ వెళ్లిపోయినా, జీఎస్టీ నోటీసు వచ్చినా, లెక్కల్లో తప్పు బయటపడినా, తెలిసిన రోజునే ఫోన్ చేసి, మర్నాడు రాతలో పంపండి. చేతిలో తొమ్మిది నెలల నగదు ఉండగా చెప్పిన కష్టానికి బోర్డు దగ్గర మార్గాలు ఉంటాయి: బ్రిడ్జ్ రౌండు (తర్వాతి పెద్ద రౌండు దాకా నెట్టుకొచ్చే తాత్కాలిక పెట్టుబడి), ఖర్చుల కోత, కొనుగోలుదారుని వెతకడం. రెండు నెలల నగదు ఉండగా చెబితే మిగిలేది మూసివేత గురించిన చర్చే.

ఏడో పని: మిమ్మల్ని మార్చాలన్న మాట వస్తే

అలాంటి రోజు రావచ్చు, రాకపోవచ్చు, కానీ దానికి సిద్ధపడవలసింది మొదటి ఒప్పందంలోనే. మీ డైరెక్టర్ పదవి, మీ సీఈఓ ఉద్యోగం, మీ షేర్లు మూడూ వేర్వేరు. డైరెక్టర్‌గా తొలగించాలంటే సెక్షన్ 169 కింద వాటాదారుల సాధారణ తీర్మానం (పడిన ఓట్లలో సగానికి పైగా) కావాలి, ప్రత్యేక నోటీసు ఇవ్వాలి, మీ వాదన వినిపించే అవకాశం ఇవ్వాలి. సీఈఓ ఉద్యోగం నుంచి తొలగించడానికి మీ ఉద్యోగ ఒప్పందం, బోర్డు మెజారిటీ చాలు. షేర్ల విషయం వెస్టింగ్ నిబంధనల్లో, అంటే మీ షేర్లు కాలక్రమంలో విడతలుగా పూర్తిగా మీవయ్యే షరతుల్లో, ఉంటుంది. బ్యాడ్ లీవర్ (తన తప్పు వల్ల వెళ్లి, షేర్లు పోగొట్టుకునే వ్యక్తి) అంటే ఎవరు అన్న నిర్వచనాన్ని మోసం, నేరం, ఒప్పందాన్ని తీవ్రంగా ఉల్లంఘించడం వరకే పరిమితం చేయించండి. "పనితీరు సంతృప్తికరంగా లేకపోవడం" అన్న మాట అందులో ఉంటే కొట్టేయించండి. లేకపోతే లక్ష్యాలు తప్పిన ఒక ఏడాదికి మీ వాటా మొత్తం ముఖవిలువకు పోవచ్చు.

మాట వచ్చాక మీ ప్రవర్తన ఫలితాన్ని మారుస్తుంది. ఇళ్ల ప్రకటనల వెబ్‌సైట్ హౌసింగ్ డాట్ కామ్ సీఈఓ రాహుల్ యాదవ్ 2015 ఏప్రిల్ చివర్లో బోర్డు తెలివితేటలనే తప్పుబడుతూ రాజీనామా లేఖ రాశారు, కొద్దిరోజుల్లో వెనక్కి తీసుకున్నారు, జూలై 1న బోర్డు ఆయన్ను తొలగించింది. సాఫ్ట్‌బ్యాంక్ నాయకత్వంలో 9 కోట్ల డాలర్లు వచ్చి అప్పటికి ఏడు నెలలే. 2017లో ఆ కంపెనీ ప్రాప్‌టైగర్‌లో కలిసింది. ఫ్లిప్‌కార్ట్‌లో అదే మార్పు మరో తీరున జరిగింది. ఇన్వెస్టర్ అయిన టైగర్ గ్లోబల్ నుంచి వచ్చిన కళ్యాణ్ కృష్ణమూర్తి 2017 జనవరిలో సీఈఓ అయ్యారు, వ్యవస్థాపకులు పై పదవుల్లోకి జరిగారు, కంపెనీ నడక ఆగలేదు, 2018 మేలో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లకు 77 శాతం కొంటున్నట్టు ప్రకటించింది. వ్యవస్థాపకుడి మనసుకు ఈ రెండోది కూడా తేలికైనదని నేను అనను. కానీ ఉద్యోగుల షేర్లకు విలువ వచ్చింది.

కాబట్టి సంకేతాలు కనిపించగానే, అంటే మీరు లేకుండా డైరెక్టర్లు కలుస్తుంటే, మీ కింది ఉద్యోగులతో నేరుగా మాట్లాడుతుంటే, "సీఓఓను తీసుకుందామా" అన్న మాట రెండోసారి వస్తే, మీరే విషయాన్ని ఎత్తండి. ఏ అంకె, ఏ గడువులోగా చేరితే నమ్మకం నిలుస్తుందో అడిగి, దాన్ని రాతలో పెట్టించండి. మీ సొంత లాయర్‌ను పెట్టుకోండి, కంపెనీ లాయర్ కంపెనీ తరఫువారే. ఎక్స్ (పాత ట్విట్టర్) లోకి, విలేకరుల దగ్గరకు వెళ్లకండి. దిగిపోవలసి వస్తే బోర్డులో కుర్చీ, వెస్ట్ అయిన షేర్లు, ఉద్యోగులకు మీరు ఇచ్చిన మాటలు, ఈ మూడింటి మీదే బేరం పెట్టండి.

ఎనిమిదో పని: కొత్త రౌండు వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి

కొత్త ఫండ్ వస్తున్నప్పుడు పాత హక్కులన్నీ మళ్లీ బేరానికి వస్తాయి. మొదటి రౌండులో ఒప్పుకున్న చెడు నిబంధనను సరిదిద్దుకోవడానికి అదే సమయం, ఎందుకంటే చిన్న ఇన్వెస్టర్ల దగ్గర చెల్లాచెదురుగా ఉన్న వీటోలు కొత్తగా వచ్చేవారికి కూడా ఇబ్బందే, వారే మీ తరఫున మాట్లాడతారు. వాటా తగ్గిన పాత ఫండ్‌ను బోర్డు కుర్చీ నుంచి పరిశీలకుడి స్థానానికి మార్చమని అప్పుడే అడగండి. ఆ ప్రతినిధి నిజంగా పనికొచ్చిన మనిషి అయితే స్వతంత్ర సభ్యుడిగా ఉండమని అడగవచ్చు. రాజీనామా లేఖ అందాక ముప్పై రోజుల్లో, డైరెక్టర్ మార్పును కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలిపే డీఐఆర్-12 ఫారం దాఖలు చేయించండి, బ్యాంకు సంతకాల జాబితా మార్పించండి, కుర్చీల పట్టికను, అమ్మకం లెక్కల ఎక్సెల్‌ను, ముందస్తు అనుమతుల జాబితాను కొత్త ఆర్టికల్స్‌తో సరిచూసి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ఆ తర్వాతే కొత్త డైరెక్టర్‌ను మొదటి సమావేశానికి పిలవండి.